మీకు తెలుసా? మిద్దె మీద మన్ను, మిద్దె కింద అడవి

పాలమూరు వైపు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో మిగిలిన పాత మిద్దెలను మనం మట్టిళ్లు అనేస్తాం. అది సగమే నిజం. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న కప్పు మీద అడుగు మందాన మన్ను పరిస్తే దాదాపు 500 కిలోల బరువు. అంటే పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న చిన్న గది నెత్తిన నాలుగున్నర టన్నులు. ముసురు పట్టి తడిస్తే ఇంకా ఎక్కువ. ఇంత బరువు మోసేది మట్టి కాదు, కట్టె. స్తంభం మీద దూలం, దూలం మీద దంతెలు. గోడ కట్టింది ఊరి మన్నుతోనే అయినా, ఇంటిని నిలబెట్టింది నల్లమల నుంచో, పొలంగట్టు నుంచో వచ్చిన చెట్టు.

ఇంగ్లండ్‌లో 15, 16 శతాబ్దాల నాటి కట్టె చట్రపు ఇళ్లను చూడటానికి టికెట్టు కొని మరీ వెళతారు. నల్లటి దుంగలు, మధ్యలో తెల్లటి గోడ. క్యాలెండర్లలో చూసే ఉంటారు. ఆ ఇంటికీ పాలమూరు మిద్దెకూ మూలసూత్రం దాదాపు ఒక్కటే. బరువు కట్టెది, మరుగు మట్టిది. వాన దగ్గరికి వచ్చేసరికే దారులు వేరయ్యాయి. వాళ్లు కప్పును ఏటవాలుగా నిలబెట్టి నీటిని జారనిచ్చారు. మనవాళ్లు చదునుగా పరిచి, నీరు దిగకుండా ఆపారు.

ఎలా ఆపారు?

చౌడుతో. పంట పండని, తెల్లగా పొంగే ఆ చవిటి నేలనే. రైతు తిట్టుకునే మన్నును మిద్దె నెత్తిన పెట్టుకుంది.

దీని వెనక గట్టి రసాయనమే ఉంది. చౌడులో సోడియం ఎక్కువ. మామూలు బంకమట్టి రేణువులు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉంటాయి, ఆ గుంపుల మధ్య సందుల్లోంచి నీరు దిగుతుంది. సోడియం ఎక్కువైతే ఆ గుంపులు విడిపోతాయి. తొలి చినుకులకే సన్నటి రేణువులు చెదిరి సందులన్నిట్లోకీ దూరి బిగుసుకుంటాయి. ఆ తర్వాత పడ్డ వాన పైపైన నడిచి, దోనె దారిన వీధిలో పడుతుంది. చౌడు పొలంలో నీళ్లు ఇంకకుండా నిలవ ఉండిపోవడానికీ ఇదే కారణం. పొలానికి తెగులైనది ఇంటికి మందైంది! పైగా ఆ ఉప్పుకు గడ్డి అంత తేలిగ్గా మొలవదు. మిద్దెకు వేరు కంటే పెద్ద శత్రువు లేదు. వేరు దిగిన చోటల్లా నీటికి దారి దొరుకుతుంది.

అందుకే మృగశిర కార్తెకు ముందు చౌడు తోలి, మిద్దె మీద పరిచి, తొక్కి, చదును చేసేవాళ్లు. ఏటా తప్పని పని. ఒక్క ఏడు బద్ధకిస్తే ఉరుపు మొదలవుతుంది. ఉరిసిన నీరు ముందు తగిలేది దంతెల చివర్లకే. గోడలో దూరి గాలి తగలకుండా ఉండే భాగం అది, అక్కడే కట్టె కుళ్లుతుంది. మిద్దె కూలిందంటే చాలాసార్లు ముసలితనంతో కాదు, చౌడు వేసే చెయ్యి ఆ ఇంట్లో లేకపోవడంతో. పాలమూరు నుంచి కూలికి వలసపోయిన కుటుంబాల ఇళ్లే ముందు కూలడం వింతేమీ కాదు.

విప్పి చూస్తే ఎన్ని పొరలు?

అడుగున దూలం. దాని మీద అడ్డంగా, జానా బెత్తెడు ఎడంగా దంతెలు. దంతెల మీద సన్నచెక్కలో, చీల్చిన కట్టెలో. ఆ మీద కంప, ఆకు. వెంపలి, వావిలి, తంగేడు, ఈతాకు, ఏ ఊరికి దొరికింది ఆ ఊరిది. వావిలాకు వాసనకు పురుగు రాదని గింజల్లో వేసే అలవాటు మనకు ఎలాగూ ఉంది. ఆకు పొర మన్ను కిందికి రాలకుండా పట్టుకుంటుంది. దాని మీద మెత్తటి మన్ను, అన్నిటికీ పైన చౌడు. నంద్యాల జిల్లా బేతంచర్ల బండలు అందుబాటులోకి వచ్చిన చోట చెక్కల బదులు బండలు పరిచి, సందులు సున్నంతో పూడ్చి, మన్ను పని తగ్గించుకున్నారు.

ఎండాకాలం మధ్యాహ్నం ఈ మందపాటి కప్పు వేడిని తాగుతుందే గాని వెంటనే కిందికి వదలదు. ఆ వేడి లోపలికి చేరేసరికి చీకటి పడుతుంది. అప్పటికి ఇంటిల్లిపాదీ మిద్దెక్కి పడుకుని ఉంటారు.

ఇంటి కొలత దూలం చేతిలో

పూర్వం ఇల్లెంత అంటే అడుగుల్లో చెప్పేవాళ్లు కాదు. రెండంకణాల ఇల్లు, అయిదంకణాల ఇల్లు అనేవాళ్లు. రెండు దూలాల నడిమి జాగా ఒక అంకణం. నెల్లూరు, తిరుపతి వైపు ఇప్పటికీ ఇంటి స్థలాలు అంకణాల్లో అమ్ముతారు. లెక్క మాత్రం ఊరికో తీరు.

ఇంగ్లండ్‌లోనూ ఇదే పద్ధతి. పాత దస్తావేజుల్లో ఇంటినీ కొట్టాన్నీ స్తంభాల వరసల మధ్య ఖాళీలతోనే లెక్కపెట్టారు. నాలుగు ఖాళీల కొట్టం, మూడు ఖాళీల ఇల్లు అని. సుమారు 16 అడుగులు వాళ్లకు మామూలు కొలత. మన అంకణం అంతకంటే చిన్నది. కారణం దూలం నెత్తినే ఉంది. వాళ్ల దుంగ మోసింది పెంకునో, గడ్డినో. మన దూలం మోసింది టన్నుల మన్నును. అంత బరువు కింద దూలాన్ని పొడుగు సాగదీస్తే నడుం వంగుతుంది. పాత మిద్దెల్లో గదులు పొడుగ్గా, ఇరుగ్గా ఉండటం ఎవరి పిసినారితనమూ కాదు.

నడుం వంగిన బంగళా

బరువు లెక్క తప్పితే ఏమవుతుందో చూడాలంటే చెషైర్‌లోని లిటిల్ మోర్టన్ హాల్‌కు వెళ్లాలి. 1504 ప్రాంతంలో మొదలుపెట్టి, సుమారు 1610 దాకా వంద సంవత్సరాలు ముక్కలు ముక్కలుగా కట్టుకుంటూ పోయిన కట్టె ఇల్లు అది. చుట్టూ నీళ్ల కందకం. ఒక తరంలో ఎవరికో సరదా పుట్టింది. అప్పటికే ఉన్న గదుల నెత్తిన, ఈ చివర నుంచి ఆ చివరకు పొడవాటి వసారా లేపారు. వానాకాలంలో లోపలే పచార్లు చేయడానికట! దానికి కప్పుగా వేసింది ఇసుకరాతి పలకలు. కింది అంతస్తు ఆ బరువుకు తయారు కాలేదు. దుంగలు వంగాయి, నేలలు వాలాయి, గోడలు మెలితిరిగాయి. ఇల్లు మాత్రం నాలుగు వందల ఏళ్లుగా అలాగే, తాగినవాడిలా వంకరగా నిలబడి ఉంది. కట్టె గుణమే అది. రాయి అయితే పగిలేది, కట్టె కాబట్టి వంగి ఊరుకుంది.

అదే ఇంట్లో మరో విశేషం. ఆ కిటికీలను చేసింది వడ్రంగి రిచర్డ్ డేల్ అని 1559 సంవత్సరంతో సహా కట్టె మీద చెక్కి ఉంటుంది. మన ఊళ్లలో వడ్ల వాళ్లు తామరపూలూ చిలుకలూ చెక్కిన దర్వాజలకు లెక్కలేదు. వాటి మీద చేసినవాడి పేరు వెతికితే దొరకడం అరుదు. దర్వాజ ఎత్తే రోజున కొత్త బట్టలు, బియ్యం, దక్షిణ ఇచ్చి పంపారు గాని పేరు రాసుకోమనలేదు.

పచ్చి కట్టెతో ఇల్లు కట్టారా?

కట్టారు. ఇంగ్లండ్ వడ్రంగులు సింధూర జాతి ఓక్ చెట్టును కొట్టిన కొద్ది నెలల్లోనే, పచ్చిగా ఉండగానే చెక్కారు. ఎండిన ఓక్ ఉలికి లొంగదు. పచ్చిది బిగించాక ఎండుతూ ముడుచుకుంటుంది, కీళ్లు ఇంకా బిగుస్తాయి. అందుకోసం చిన్న కిటుకు కూడా చేశారు. జతకూర్చే ముక్కలు రెండింట్లో తొలిచిన రంధ్రాలు ఎదురెదురుగా రానివ్వకుండా కొంచెం పక్కకు తప్పించి, వాటి గుండా కొయ్య మేకు కొట్టారు. మేకు దిగేకొద్దీ కీలు దగ్గరకు లాక్కుంటుంది. ఇనుప మేకులు ఎందుకు వాడలేదంటే ఓక్‌లోని టానిన్ ఇనుమును తినేస్తుంది. మేకు తుప్పు పట్టి, చుట్టూ కట్టె నల్లబడుతుంది.

మన వడ్ల వాళ్లు దీనికి సరిగ్గా ఎదురు. తుమ్మ, వేప వంటి కట్టెను కొట్టి తెచ్చి చెరువులోనో, బావిలోనో నెలల తరబడి నానేసేవాళ్లు. నీళ్లలో కట్టెలోని పిండి పదార్థం కరిగిపోతుంది. ఆ పిండి కోసమే పుచ్చుపురుగు వస్తుంది. తిండి లేని చోట దానికేం పని? తర్వాత తీసి నీడన ఆరబెట్టి అప్పుడు ఉలి పెట్టేవాళ్లు. చలి దేశం వాడికి తొందర చెల్లింది. పురుగు దేశం వాడికి ఓపిక తప్పలేదు.

చెద సంగతి వేరే చెప్పనక్కర్లేదు. స్తంభం నేరుగా నేలలోకి దిగకుండా రాతి దిమ్మె మీద నిలబడేది అందుకే. ఇంగ్లండ్ ఇళ్లలోనూ అడుగు దుంగ కింద రాతి వరస ఉంటుంది. అక్కడ భయం చెమ్మది. మన దగ్గర టేకుకు అంత గిరాకీ రావడానికి నునుపు ఒక్కటే కారణం కాదు, దానిలోని సహజ రసాయనాలంటే చెదకు పడదు. అందరికీ టేకు ఎక్కడిది? నల్లమద్ది, ఏగిస, చండ్ర, ఏపి, వేప. సంపాదనను బట్టి దూలం.

అచ్చమైన తడిక గోడ చూడాలంటే

ఇంగ్లండ్ ఇళ్లలో దుంగల మధ్య ఆ తెల్లటి భాగం ఏమిటనుకున్నారు? సన్నకొమ్మల తడిక. దాని మీద బంకమన్ను, గడ్డి, పశువుల పేడ కలిపి మెత్తిన పూత, ఆపైన సున్నం. మన అమ్మమ్మలకు చూపిస్తే ఇంత దూరం వచ్చి చూడాల్సింది ఇదేనా అంటారు.

తడిక గోడను దాని సహజ స్థలంలో చూడాలంటే నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ గుట్టల మీది చెంచు పెంటలకు, అంటే వాళ్ల గూడేలకు వెళ్లాలి. గుండ్రటి గోడ, అల్లిన తడిక, మధ్యలోంచి లేచిన శంకువు లాంటి గడ్డి కప్పు. ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ పెంటల్లో ఉండి, చెంచుల బతుకును వివరంగా రాశాడు. 1943లో ఆ పుస్తకం అచ్చయింది. అప్పటి గుడిసెల ఫొటోలు అందులో ఉన్నాయి. నాటి సంస్థానాధీశుల మేడల కంటే ఈ గుడిసెకే మంచి దస్తావేజు దొరికిందని నాకు అనిపిస్తుంది.

రాతిలో దాక్కున్న కట్టె

గద్వాల జిల్లాలోనే ఉన్న ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు ఏడో శతాబ్దం నాటి బాదామి చాళుక్యుల పని. అంతా రాయే. కాని శిఖరాల మీద వరసలు వరసలుగా కనిపించే గుర్రపు నాడా ఆకారపు చిన్న చిన్న గవాక్షాలను గమనించండి. రాతికి ఆ ఆకారంతో అవసరం లేదు. వెదురూ కట్టే వంచి కమాను కప్పు వేసిన ఇంటి ముందువైపు, చివర నుంచి చూస్తే, అలా ఉంటుంది. కట్టె ఇళ్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. శిల్పి చెయ్యి మాత్రం ఆ రూపాన్ని మరిచిపోలేదు.

నమ్మకం కుదరకపోతే మహారాష్ట్రలో కార్లే గుహ ఉంది. కొండను తొలిచి చేసిన చైత్యం. కప్పు పడిపోయే ప్రసక్తే లేదు. అయినా లోపల టేకు వాసాలు బిగించారు, రెండు వేల ఏళ్ల నాటివి ఇప్పటికీ ఉన్నాయి. మోయడానికి ఏమీ లేకపోయినా పెట్టారు. ఇల్లంటే వాసాలుండాలి మరి!

అంకెలేసి విప్పిన గుడి, అంకెలేసి కట్టిన ఇల్లు

ఇంగ్లండ్ పాత ఇంట్లో దుంగలను దగ్గరగా చూస్తే కీళ్ల పక్కన రోమన్ అంకెల్లాంటి గీతలు కనిపిస్తాయి. ఇంటి చట్రాన్ని ముందు వడ్రంగి దొడ్లోనే నేల మీద పరిచి కూర్చేవారు. ఏ ముక్క దేనికి జత అన్నది గీతలు పెట్టి, విప్పి, బండ్ల మీద తోలి, ఇంటి జాగాలో మళ్లీ నిలబెట్టేవారు. ఉలితో నిలువు, ఏటవాలు గీతలు గీయడం తేలిక కాబట్టే ఆ అంకెలు.

విప్పి, మోసుకెళ్లి, మళ్లీ కట్టడం మన కృష్ణా తీరానికి ఇంకో రకంగా తెలుసు. శ్రీశైలం జలాశయం ముంపులోకి వెళ్లే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో తిరిగి నిలబెట్టారు. కొల్లాపూర్ వైపు జటప్రోలు మదనగోపాలస్వామి గుడిదీ అదే కథ. గుళ్లకు పురావస్తు శాఖ ఉంది. 1981లో ఊళ్లు ఖాళీ చేసిన మనుషుల ఇళ్లకు ఎవరున్నారు? గోడలు నీళ్లపాలు. చేతనైనవాళ్లు దర్వాజలూ దూలాలూ విప్పుకుని బండ్లకెత్తారు. మన్ను ఎక్కడైనా దొరుకుతుంది, దూలం దొరకదు.

ఇంకో సరదా సంగతి. ఇంగ్లండ్ పల్లెల్లో ప్రతి రెండో ఇంటివాళ్లూ మా దుంగలు పాత ఓడవి అని చెప్పుకుంటారు. పనికిరాని రంధ్రాలు కనిపించడమే వాళ్ల సాక్ష్యం. చరిత్రకారులు ఒప్పుకోరు. చాలావరకు అవి ఇంకో ఇంటి నుంచి విప్పి తెచ్చిన దుంగలట.

గోడ పడినా కప్పు పడకుండా

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి భూకంపం వేల మందిని పొట్టన పెట్టుకుంది. అక్కడివి మందపాటి రాయీ మట్టీ గోడలు, పైన మనలాగే మన్ను కప్పు. దంతెలు నేరుగా గోడ మీద ఆనుకున్న చోట గోడతో పాటు టన్నుల మన్ను నిద్రలో ఉన్నవాళ్ల మీద పడింది. లోపల కట్టె స్తంభాలు పెట్టి వాటి మీద దూలం నిలబెట్టిన ఇళ్లలో చాలాచోట్ల గోడలు బయటికి ఒరిగిపోయినా కప్పు అలాగే నిలిచింది. గోడ ఉండగా మళ్లీ స్తంభం దేనికి, డబ్బు దండగ అనుకునేవాళ్లకు అంతకంటే కఠినమైన జవాబు ఉండదు.

వరద మాత్రం వేరే రకం. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు రాజోలి, ఆలంపురం వైపు నీళ్లు నిలిచాయి. మట్టి గోడ అడుగున మెత్తబడితే స్తంభం ఎంత గట్టిదైనా ఇల్లు ఇల్లుగా మిగలదు. రాజోలి చేనేత ఊరు. అక్కడ ఇల్లంటే గుంట మగ్గం కూడా. గుంటలో నీళ్లు నిండితే నివాసమూ ఉపాధీ ఒకే పూట పోతాయి.

నిప్పుకు భయపడి

1666లో లండన్ తగలబడింది. మరుసటి ఏడాదే చట్టం తెచ్చారు: ఇక నగరంలో ఇళ్లు ఇటుకతోనో రాతితోనో కట్టాలి. దాదాపు అదే కాలానికి కాస్త అటూ ఇటూగా ఇక్కడ గద్వాలలో సంస్థానాధీశుడు సోమనాద్రి మట్టికోట లేస్తోంది.

క్యాలెండర్లలో చూసే ఇంగ్లండ్ ఇళ్ల నలుపు తెలుపు సంగతి కూడా చెప్పేయాలి. చాలా ఇళ్లకు ఆ నల్లరంగు విక్టోరియా రాణి కాలంలో పూసిందే. అంతకు ముందు ఓక్ తన సహజమైన బూడిదరంగులోనే ఉండేది. ఫొటోల్లో మనం చూసే పురాతనత్వం చాలావరకు నిన్నమొన్నటిదన్నమాట. గడపకు జాజు పూసి, పసుపు రాసి, సున్నం బొట్లు పెట్టడంలో మనవాళ్లే పాతకాపులు.

దూలం వయసు దూలమే చెబుతుంది

గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట కళాశాల నడుస్తోంది. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ నడుస్తోంది. వాటి గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. దూలాల ఇంటి గురించి రాసిన కాగితం దాదాపు ఉండదు. కట్టిన ఏడు అడిగితే మా తాత నాటిది అంటారు, అంతే.

ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇళ్ల వయసును చెట్టు వలయాలతో లెక్కగడుతున్నారు. ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్ చర్చి దుంగలు పదకొండో శతాబ్దం నాటివని తేలింది ఇలాగే. వేడి దేశాల చెట్లలో చాలావాటికి ఏటా స్పష్టమైన వలయం పడదు. టేకుకు పడుతుంది. వానలు బాగా పడ్డ ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. మన దేశపు శాస్త్రవేత్తలు టేకు వలయాలు చదివి వందల ఏళ్ల వానల లెక్క తీస్తున్నారు. పాలమూరు మిద్దెల్లో టేకు దూలం ఉన్న ప్రతిచోటా ఆ చెట్టు చూసిన కరువులు వరసగా రాసే ఉంటాయి.

చదవడానికి దూలాన్ని కోయాల్సిన పని కూడా లేదు, పెన్సిలంత సన్నటి తొలుపు చాలు. కాకపోతే చెట్టును ఏ ఏడు కొట్టారో తేలాలంటే బెరడుకు ఆనుకున్న ఆఖరి వలయం ఉండాలి. పాత కట్టె కొనుక్కెళ్లేవాళ్లు రంపం మిల్లులో ముందు చెక్కి పారేసేది ఆ అంచునే.